పది లెక్కపెట్టే దాకా

ఆ వానాకాలం తర్వాత మా ఇంట్లో టీ ఎవరిది వాళ్ళే పెట్టుకుంటున్నాం. అంతకు ముందు పంతొమ్మిదేళ్ళు నేను పెట్టాను, ఆయన చల్లారిందన్నారు. దీని వెనక కంప్యూటరు ఉందంటే ఎవరూ నమ్మరు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మా ఆయన బడిలో సాంఘికశాస్త్రం చెబుతారు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు సుద్దముక్క సార్. క్లాసులో కునికేవాడి నుదుటి మీదికి విసిరిన సుద్దముక్క ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఆయన పద్ధతి ఒకటే. బోర్డు మీద రాయడం, క్లాసంతటి చేతా ఒకే గొంతుతో చెప్పించడం, నోటికి వచ్చే దాకా చెప్పించడం. రాజులూ యుద్ధాలూ నదులూ అన్నీ అలాగే పిల్లల నోళ్ళలోకి వెళ్ళాయి. బుర్రల్లోకి కూడా వెళ్ళాయా అని అడిగే అలవాటు ఆ బడికి లేదు.

వానలు మొదలైన వారానికి ఒక సాయంత్రం, కారుతున్న గొడుగును హాలు నడిమధ్య తెరిచి పెట్టి, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"బడికి కంప్యూటర్లు వచ్చాయి," అన్నారు, నల్లులు వచ్చాయన్నట్టు.

"మంచిదేగా."

"ఏం మంచిది? మా సబ్జెక్టుకి ఇద్దరు అక్కర్లేదట, ఒక్కరు చాలట. నేనో, ఆ టై సారో. పిల్లలకి కంప్యూటరు ఎవరు బాగా నేర్పితే వాళ్ళు ఇక్కడ ఉంటారు. రెండోవాళ్ళు అవతలి ఊళ్ళో ఉన్న బడికి పోవాలి. టర్ము చివర అధికారి వచ్చి, తల్లిదండ్రులందరి ముందూ మా ఇద్దరి చేతా పాఠం చెప్పించి తేలుస్తాడట."

టై సార్ అంటే నిరుడు చేరిన కుర్రమాస్టారు. ఎండైనా వానైనా టై కడతాడు. మా ఆయనకు అతనంటే ఒళ్ళుమంట.

అవతలి ఊరు బస్సులో రెండున్నర గంటల దూరం. వారానికి అయిదు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కదా అనే ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధం. ఆ ఆలోచన ఆయనకూ తట్టినట్టుంది.

"నేను వెళ్తే అందరం వెళ్తాం," అన్నారు. "ఇల్లు ఖాళీ చేసెయ్యడమే."

అదే బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. వచ్చే ఏడు దానికి పెద్ద పరీక్షలు. నా సంగతి ఎవరూ అడగలేదు కానీ నాకూ ఒక సంగతి ఉంది. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెళ్ళితో ఆ కుర్చీ పోయింది, వేళ్ళు మిగిలాయి. వీధిలో ఎవరికి దరఖాస్తు నింపాలన్నా, ఉత్తరం కొట్టాలన్నా, ఫారంలో ఫోటో ఎక్కించాలన్నా మా తలుపే తడతారు. మా ఆయన దానికి పెట్టిన పేరు టకటకలు. "ఏం, అయ్యాయా నీ టకటకలు?" అని అడిగేవారు, గిన్నెలు తోమడం అయిందా అన్నట్టు.

మర్నాడు భోజనాల బల్ల మీద పాత కంప్యూటరు తుడిచి పెట్టాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చి కూర్చున్నారు. మౌస్‌ని కుడివైపు జరపమంటే జరిపారు. జరుపుతూ జరుపుతూ బల్ల చివరికి వచ్చి ఆగారు.

"బల్ల అయిపోయింది," అన్నారు.

"పైకెత్తి మళ్ళీ మధ్యలో పెట్టండి."

"పెద్ద బల్ల కొనమని ఆనాడే చెప్పాను."

"ఎంత పెద్ద బల్లయినా అయిపోతుందండీ. ఎత్తి పెట్టుకోవాలి."

"నాకు పాఠాలు చెప్పకు!"

"మరి మీరిక్కడ కూర్చుంది దేనికి?"

మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. ఇరవై ఆరేళ్ళు నిలబడి చెప్పిన మనిషి కూర్చుని వినడం చాలా కష్టమని నాకు ఆ రోజే అర్థమయింది. అర్థం కావడం వేరు, జాలి పడడం వేరు.

మూడో రోజుకల్లా ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. "ఇదంతా కాదు. రాసివ్వు. నంబర్లు వేసి, ఒక్కో స్టెప్పూ విడివిడిగా. నేను నోటికి పట్టుకుంటాను. నోటికి వచ్చింది చేతికి రాక చస్తుందా?"

రాసిచ్చాను. స్విచ్చు వేయడం దగ్గర్నుంచి కొత్త పేజీ తెరవడం, పేరా కొట్టడం, దానికి పేరు పెట్టడం, సేవ్ చేయడం, ఆపేయడం దాకా పదకొండు స్టెప్పులు. ఆయన వరండాలో వాన చూస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ బట్టీ పట్టారు. "ఏడు! బాణం గుర్తు తెచ్చి పేరు మీద పెట్టవలెను! ఎనిమిది! ఎడమ మీట ఒక్కసారి నొక్కవలెను!" ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు.

అంతవరకు మామూలు గొడవే. నేను మెత్తబడుతున్నాను కూడా. ఒక రోజు తనంతట తనే పేరా కొట్టి, దాని కింద తన పేరు చూసుకుని, చిన్నపిల్లాడిలా ఒక్క క్షణం వెనక్కి వాలి కూర్చున్నారు. బాగుందండీ అందామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

అవతల బడిలో లెక్కల మాస్టారు. ఎలా నేర్చుకుంటున్నారని అడిగినట్టున్నాడు.

"ఎవరూ నేర్పడం లేదండీ," అన్నారు ఈయన, నా దస్తూరీలో ఉన్న కాగితం మీద మోచెయ్యి ఆనించి. "నేనే కుస్తీ పడుతున్నా. ఇంట్లోనా? అబ్బే, మా ఆవిడకేం తెలుస్తుంది! ఇంట్లో ఖాళీగానే ఉంటుంది లెండి."

నేను వంటింట్లోకి వెళ్ళి బఠాణీలు ఒలిచాను. అన్నీ ఒలిచేసరికి ఆలోచన కూడా తయారైంది. తిరిగి వచ్చి కాగితం అందుకుని, పదకొండు అంకెను కొట్టేసి పన్నెండు చేశాను. పైన ఇరుకులో కొత్త పదకొండు రాశాను.

"ఇదేంటి?"

"మర్చిపోయాను. ముఖ్యమైంది. సేవ్ నొక్కాక రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మెల్లగా పది లెక్కపెట్టాలి."

"ఎందుకు?"

"ఒంట్లో కాస్త కరెంటు ఉంటుంది కదండీ. చేతులు దగ్గరగా ఉంటే ఫైలులోకి దిగిపోతుంది. అక్షరాలు చెడిపోతాయి."

ఆయన నా మొహంలోకి చూశారు. నా మొహం పంతొమ్మిదేళ్ళుగా ఏమీ కనిపించకుండా ఉండడం నేర్చుకుంది. తర్వాత ఆయన సేవ్ నొక్కి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని లెక్కపెట్టారు. ఒకటీ, రెండూ, మూడూ. అల్లరి చేసి దొరికిన పిల్లల చేత బళ్ళో ఆయన చేయించే శిక్ష సరిగ్గా అదే. నేను ఎదురుగా కూర్చుని టీ తాగాను. అంత రుచైన టీ నా జన్మలో తాగలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే. ఆయన సేవ్ చేసే వేళకు నేను కప్పుతో సిద్ధం. ఒక్కోసారి "అప్పుడే దించారేం, తొమ్మిదే అయింది," అనేదాన్ని. ఆయన మళ్ళీ పెట్టుకునేవారు. మా అమ్మాయి రెండుసార్లు నా వంక అనుమానంగా చూసింది. నేను కిటికీలోంచి వాన వంక చూశాను.

అంతా నా బల్ల దగ్గరే ఉంటుందనుకున్నాను. నా తెలివితక్కువతనం అంతా అక్కడే ఉంది. నోటికి వచ్చిన ప్రతిదాన్నీ క్లాసు నోట్లో పెట్టకుండా ఉండలేని మనిషి ఆయన. ఇది నాకు తెలియనిదా?

టర్ము పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం మా అమ్మాయి తడిసిన సంచీ గుమ్మంలోనే పడేసి లోపలికి వచ్చింది.

"అమ్మా, చేతులు తల మీద పెట్టుకోవడం నిజమేనా?"

"ఏం?"

"క్లాసంతా పెట్టుకుంటోంది. నలభైమందిమి. నాన్న బోర్డు మీద రాయించారు. 'పదకొండు! హస్తములు శిరస్సుపై!' అని అరవాలి. టై సార్ కిటికీ దగ్గర నిలబడి పడీ పడీ నవ్వాడు. వాళ్ళ సెక్షనువాళ్ళు మమ్మల్ని ఖైదీలంటున్నారు."

నా చేతిలో గరిట ఆగిపోయింది.

"నువ్వే కదూ?" అంది. "అమ్మా, ఎల్లుండే అధికారి వచ్చేది! చెప్పెయ్యి."

"నాన్నకా? చెబితే ఏమవుతుందో తెలుసా?"

"చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా? ఇల్లు ఖాళీ చేస్తాం. నేను కొత్త బడిలో, కొత్తవాళ్ళ మధ్య పరీక్షలు రాస్తాను. నీకు నవ్వొచ్చిందని!"

అది అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆ రోజూ, మర్నాడూ ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను, కూర ఎలా ఉందని అడిగి తిరిగి వచ్చాను. మూడో రోజు పొద్దున్న ఆయన వరండాలో బూట్లకు పాలిష్ చేస్తున్నారు. ఇక లాభం లేదనుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, ఆ పదకొండో స్టెప్పు..."

"ఇప్పుడు కాదు."

"ఒక్క మాట..."

"నీ మాటలు నెల రోజులుగా వింటున్నా, చాలు. నువ్వు ఇవాళ వెనక బెంచీలో కూర్చుని నోరు మూసుకో, అదే పదివేలు. నీకు కంప్యూటరు తెలుసని ఎవరి ముందూ అనకు. పెళ్ళాం దగ్గర నేర్చుకున్నాడని బడంతా నవ్వాలా?"

"సరే," అన్నాను.

నోరు మూసుకున్నాను. చెప్పానంటే చెప్పబోయాను, వినలేదంటే వినలేదు. దాన్ని పట్టుకుని ఎన్నో రోజులు నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ ఒక్క వాక్యానికి ఎంతసేపు కావాలి? అది అబద్ధం అంటే చాలు. నేను అనలేదు. ఆయన అన్న మాటతో నోరు మూసుకోవడం అప్పుడు ఎంతో హాయిగా అనిపించింది.

కంప్యూటర్ల కొత్త గదిలో పెయింటు వాసన ఇంకా పోలేదు. ఇరవై బల్లలు, బల్లకు ఇద్దరు పిల్లలు. వెనక తల్లిదండ్రులు తడి గొడుగులు కాళ్ళ మధ్య పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నాం. అధికారి బక్కపలచటి మనిషి, చేతిలో చిన్న నోటుపుస్తకం. అతని పక్కన పెద్ద మేడమ్, అంటే ప్రధానోపాధ్యాయురాలు.

ముందు టై సార్ వంతు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగా చెప్పాడు. గోడ మీద బొమ్మలు కదిలించాడు, పిల్లల్ని నవ్వించాడు, తల్లిదండ్రుల చేత చప్పట్లు కొట్టించాడు. వాళ్ళ పిల్లలు పేరాలు కొట్టారు, సేవ్ నొక్కారు. గంట మోగింది. అంతే, ఇరవై చేతులు టపటపా స్విచ్చుల మీద పడ్డాయి.

"మళ్ళీ వేయండి," అన్నాడు అధికారి. "ఫైళ్ళు చూద్దాం."

వేశారు. బడివాళ్ళు తెచ్చినవి ఎవరో వాడి వదిలేసిన యంత్రాలు, ఫైలును లోపలికి తీసుకోవడానికే తీరిగ్గా టైము తీసుకునే రకం. ఇరవైలో పదకొండు ఫైళ్ళు లేవు. టై సార్ మెడ దగ్గర టై కాస్త సడలించుకున్నాడు.

తర్వాత మా ఆయన. బొమ్మలు లేవు, నవ్వులు లేవు. "ఒకటి!" అన్నారు. నలభై గొంతులు ఒకటో స్టెప్పు అరిచాయి. గోడలు అదిరాయి. మూడు, అయిదు, ఎనిమిది. పిల్లల చేతులు ఒక్కటిగా కదులుతున్నాయి. నా పక్కావిడ "అబ్బ, ఏం కట్టుదిట్టమండీ!" అంది. ముందు వరసలో మా అమ్మాయి జడ మాత్రం కనిపిస్తోంది. అది వెనక్కి తిరగలేదు.

"పది!" సేవ్ నొక్కారు.

"పదకొండు!"

"హస్తములు శిరస్సుపై!"

ఎనభై చేతులు తలల మీదికి వెళ్ళాయి. ముందు నిలబడి మా ఆయన కూడా పెట్టుకున్నారు. నలభైమందీ లెక్క మొదలుపెట్టారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. గుమ్మం దగ్గర టై సార్ జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పది అయ్యింది, చేతులు దిగాయి.

"మాస్టారూ," అన్నాడు అధికారి, "ఇదేమిటి? పిల్లలేం తప్పు చేశారని?"

మా ఆయన నోరు తెరిచారు. ఒంట్లో కరెంటు గురించి చెప్పబోతున్నారని నాకు తెలుసు. అలవాటుగా, ఇంట్లో ఏదైనా మర్చిపోయినప్పుడు చూసినట్టు, నా వైపు చూశారు.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నా మొహం నా మాట వినలేదు.

అబద్ధమని ఆయన అందులో చదివేశారు. తర్వాత బల్ల మీద సుద్దముక్క తీసుకుని, వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ అక్కడే పెట్టారు.

"పిల్లలు సార్," అన్నారు. "గంట కొడితే చెయ్యి స్విచ్చు మీదికే పోతుంది. ఫైలు ఇంకా లోపలికి వెళ్ళనే వెళ్ళదు. ఇందాక మీరే చూశారు. చేతులు తల మీద ఉంటే స్విచ్చు మీదికి పోవు. పది లెక్కపెట్టేలోగా పని అయిపోతుంది."

కిసుకిసలు ఆగాయి. అధికారి మిషన్లన్నీ ఆపించి, మళ్ళీ వేయించాడు. ఇరవైకి ఇరవై ఫైళ్ళూ ఉన్నాయి. నోటుపుస్తకం తెరిచి, నిలబడే రాసుకున్నాడు.

ఇంటికి విడివిడిగా వచ్చాం. ఆయన భోజనాల బల్ల దగ్గర, నేను టీ తాగే వైపు కుర్చీలో కూర్చున్నారు.

"ఒంట్లో కరెంటు ఉంటుందా?"

"అందరికీ కొంచెం ఉంటుంది."

"ఫైలులోకి దిగుతుందా?"

"దిగదు."

"ఎన్నాళ్ళు కూర్చోబెట్టావు నన్నలా?"

"ముప్ఫై ఆరు రోజులు," అన్నాను. లెక్క నా దగ్గర ఉంది.

"నిన్ను కాపాడదామని చెప్పాననుకోకు."

"అనుకోలేదు. మీ పరువు కోసం చెప్పుకున్నారు."

"ఎందుకు రాశావది?"

"లెక్కల మాస్టారుతో ఫోనులో అన్నారుగా, ఆ రోజు."

"ఏమన్నాను?"

ఎదురు ప్రశ్న వేసి దబాయించడం కాదది. నిజంగానే అడిగారు. కనుబొమలు ముడిచి వెతుక్కున్నారు, దొరకలేదు. ఆయనకు గుర్తు లేదు. ముప్ఫై ఆరు రోజులు నేను దేనికి పగ తీర్చుకున్నానో ఆ మాట ఆయన నోట్లోంచి రాలిపడి, అక్కడికక్కడే ఆరిపోయింది.

"ఏం లేదు లెండి," అని లేచాను. స్టవ్ మీద టీకి ఒక్క కప్పు నీళ్ళే పెట్టాను. ఆయన చూశారు. నేను తాగడం అయ్యాక లేచి, తనకు తను పెట్టుకున్నారు. పొంగిపోయింది. తుడవలేదు. నేనూ తుడవలేదు.

ఇల్లు ఖాళీ చేయలేదు. టై సార్ అవతలి ఊరు వెళ్ళాడు. మా మధ్య మాటలు మాత్రం మా అమ్మాయి మీదుగా నడిచాయి. "మీ అమ్మని గొడుగు ఎక్కడుందో అడుగు." "మీ నాన్నని కళ్ళు ఎక్కడున్నాయో అడుగు." పది రోజులకు అది విసిగిపోయి, "మీరిద్దరూ చేతులు తల మీద పెట్టుకుని నిలబడండి," అని తలుపేసుకుంది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో పెద్ద మేడమ్ మా ఇంటికి వచ్చింది. చేతిలో సర్క్యులరు. ఆ అధికారి పరిధిలోని బడులన్నిటిలో సేవ్ చేశాక పిల్లలు చేతులు తల మీద పెట్టుకుని పది లెక్కపెట్టాలట. ముందుగా టీచర్లందరికీ మూడు రోజుల శిక్షణట.

"సార్‌ని నేర్పమని అడిగాం," అంది మేడమ్. "ఆయన ఏమన్నారో తెలుసా? 'నాకు నేర్పింది మా ఆవిడండీ. చేతుల సంగతి కూడా ఆవిడ కనిపెట్టిందే. ఆవిడ నోటితో వింటేనే బాగుంటుంది' అన్నారు. ఎంత పెద్ద మనసమ్మా!"

ఆయన వరండాలో బూట్లు తుడుచుకుంటున్నారు. తలెత్తలేదు. నేను కోరుకున్న మాట చివరికి అన్నారు, అందరి ముందూ అన్నారు. దాన్నే ఉచ్చులా పన్నారు.

శిక్షణ రోజు అరవైమంది టీచర్లు. వెనక వరసలో టై సార్, ఈసారి టై లేకుండా. ముందు వరస మధ్యలో, ఇస్త్రీ చొక్కాతో, కొత్త నోటుపుస్తకంతో, మా ఆయన. ఇరవై ఏళ్ళ తర్వాత నాకంటూ ఒక బల్ల, ఒక గది, నా వైపు తిరిగిన మొహాలు. ఒకటి నుంచి పది దాకా సాఫీగా చెప్పాను. పదకొండు దగ్గరికి వచ్చాను.

ముందు వరసలో ఒక చెయ్యి లేచింది.

"మేడమ్, ఒక సందేహం."

పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

"చెప్పండి సార్."

"చేతులు తల మీద ఎందుకు పెట్టుకోవాలి? ఈ ఆలోచన అసలు మీకెలా వచ్చిందో కాస్త వివరిస్తారా?"

అరవైమందీ నా వంక చూశారు. నా నాలుక మీద రెండు జవాబులున్నాయి. ఒకటి నిజం. అది చెబితే ఆయన పరువూ, నాకు కొత్తగా దొరికిన ఈ పనీ ఒకేసారి పోతాయి. అది ఆయనకు తెలుసు. నేను ఏది చెబుతానో కూడా తెలుసు.

"పిల్లలు సార్," అన్నాను. "గంట కొడితే చెయ్యి స్విచ్చు మీదికే పోతుంది. ఫైలు ఇంకా లోపలికి వెళ్ళనే వెళ్ళదు. చేతులు తల మీద ఉంటే స్విచ్చు మీదికి పోవు."

"కాస్త మెల్లగా మేడమ్. రాసుకుంటున్నా."

మళ్ళీ చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా. రాసుకున్నారు. కింద గీత కూడా గీశారు.

"అందరూ చేతులు తల మీద పెట్టండి," అన్నాను.

నూట ఇరవై చేతులు లేచాయి. పది లెక్కపెట్టాం. అందరూ దించారు. ముందు వరసలో రెండు చేతులు మాత్రం అలాగే తల మీదే ఉన్నాయి.

"పది అయ్యాయి సార్," అంది పక్క కుర్చీలోని టీచరమ్మ.

"మేడమ్ దించమనలేదుగా," అన్నారు ఆయన, నా కళ్ళలోకి చూస్తూ.

నేను బోర్డు వైపు తిరిగి, పన్నెండో స్టెప్పు రాయడం మొదలుపెట్టాను.